రూపాయి బిళ్ళ మోత

భోగాపురం తీరంలో ఫైబర్ పడవలు బాగుచేసే ఎజ్రా, జిగురు పూసిన గాజుగుడ్డ పొర మీద పొర అతికించాక రూపాయి బిళ్ళతో అంగుళం అంగుళం కొట్టి వింటాడు. పొరలు అంటుకోని చోట వచ్చే డొల్ల మోత ఒక్కటి వదిలేసినా నడిసముద్రంలో ప్రాణాలు పోతాయని అతని భయం. విమాన భాగాల ఫ్యాక్టరీలో పనిచేసే కూతురు రూబీ సెలవుకొచ్చి, ఇప్పుడు విమానాలూ ఇలా గుడ్డా జిగురుతోనే చేస్తున్నారనీ, బరువు తగ్గించడానికి కంపెనీలు పోటీపడుతున్నాయనీ చెప్పింది.

"పోటీలో పడి ఓ పొర తగ్గించేత్తే? కొట్టి సూత్తారేటి?"

"సూత్తారు నాన్నా. బిళ్ళతోనే."

"ఎవులింటారు?"

"నేనే."

చిన్నప్పుడు చీము కారిన ఆమె ఎడమ చెవి వైపుకు జరిగి, ఎజ్రా పడవ మీద మెల్లగా బిళ్ళతో కొట్టాడు. "ఇక్కడ డొల్లుందా, నేదా? సెప్పమ్మా."