వంటగట్టు ఎటు తిరగాలి

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో తొర్రూరు బస్టాండు దగ్గరి హోటల్లో టీ గ్లాసు ఏటేటా చిన్నదవుతూ వచ్చింది. ఊదుకునేలోపే టీ అయిపోయేది. అడిగితే గ్లాసు పాతదేననీ, నా నోరే పెద్దదయిందనీ హోటలాయన అన్నాడు.

మా ఇల్లు చిన్నబోవడం కూడా అప్పుడే మొదలైంది. పెద్దమ్మాయి పెళ్లై భూపాలపల్లికి, చిన్నమ్మాయి చదువుకని వరంగల్ హాస్టలుకి వెళ్లిపోయారు. ఇంట్లో నేనూ, మా ఆవిడా, ఆమె మోకాళ్ల నొప్పులూ మిగిలాం. నేల మీద కూర్చోవద్దని దవాఖానలో చెప్పారు. ఆమె వంటంతా నేల మీదే. గ్యాసు వచ్చాక కూడా స్టవ్వును జానెడెత్తు బండ మీద పెట్టించి, పీట వేసుకుని కూర్చునేది. పిల్లలు చుట్టూ చేరితే జొన్నరొట్టె పెనం మీంచి నేరుగా కంచాల్లో పడేది. ఎవరికి ఇంకా ఆకలుందో ముఖం చూసి చెప్పేది.

నిలబడి వండుకునేలా గట్టు కట్టిద్దామన్నాను. ఆమె సంతోషించింది. ఆ సంతోషం మేస్త్రీ వచ్చి గోడ మీద బొగ్గుతో గీత గీసేదాకా ఉంది.

"గోడ దిక్కు మొఖం పెట్టి వండాల్నా?"

"అందరిండ్లల్ల గట్లనే ఉంటదక్కా."

"గోడకు ఆకలైతదా?"

మేస్త్రీ నా వైపు చూశాడు. నేను కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. జవాబు తెలియనప్పుడు కిటికీలోంచి బయటికి చూడటం అలవాటు. చివరికి ఆమే సరే కానిమ్మంది. పాత బండ పగలగొట్టారు. మర్నాటి నుంచి సమ్మె. కాలేజీ బంద్, బస్సులు బంద్, ఇసుక బంద్. మేస్త్రీ తట్టా పారా మా ఇంట్లోనే వదిలి ఉద్యమంలో కలిశాడు.

వంటింట్లో మట్టికుప్ప. అదృష్టం కొద్దీ అప్పుడే చౌరస్తాలో వంటావార్పు మొదలైంది. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే తిని, సర్కారుకు నిరసన తెలపడం. అందరూ ఆవేశంతో వచ్చారు. మేమిద్దరం ఆకలితో వెళ్లాం.

మా ఆవిడ ఇంట్లోని అతిపెద్ద గంజును నాచేత మోయించింది. మూడు రాళ్ల పొయ్యి ముందు పీట వేసుకుంది. మోకాళ్ల సంగతి గుర్తు చేస్తే "జర ఊకో" అంది. ఉపన్యసిస్తున్న పెద్దమనిషిని మధ్యలో ఆపి, "ఓ అన్నా, నీ గొంతు పోతాంది, జర చారు తాగి మాట్లాడు" అని గరిటె చూపింది. ఆయన దిగొచ్చి తాగాడు. ఆమె ముఖం అంత వెలగడం చిన్నమ్మాయి హాస్టలుకి వెళ్లాక నేను చూడలేదు. రాష్ట్రం కోసం నా వంతుగా ఉల్లిగడ్డలు కోశాను. నా కన్నీళ్లు చూసి ఒకాయన ధైర్యంగా ఉండమని భుజం తట్టాడు.

సమ్మె ముగిసి మేస్త్రీ తిరిగొచ్చేసరికి ఆమె గోడ మీది గీతను తడిబట్టతో తుడిచేసింది. హాలుకూ వంటింటికీ మధ్యనున్న అడ్డగోడ దగ్గర నిలబడింది.

"గిది సగం కూలగొట్టు. గట్టు గీడ కట్టు. ముంగట కూసున్నోళ్లు నాకు కనవడాలె."

"అక్కా, గది మిర్చిబజ్జీల బండి లెక్కుంటది."

"ఉండనియ్."

కట్టాడు. నల్ల గ్రానైటు, సింకు, తిప్పితే నీళ్లొచ్చే నల్లా. వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి చూసి, బాగుందనకుండా మెచ్చుకుని పోయారు. మోకాళ్లకూ కొంచెం నయమైంది.

మొదటి రోజు నేను గట్టుకు ఇవతల కుర్చీ వేసుకున్నాను. ఆమె అవతల నిలబడి రొట్టె కాల్చి నా కంచంలో వేసింది. తిన్నాను. ఇంకొకటి వేసింది. నాకు అటు పక్క చూసింది, ఇటు పక్క చూసింది, మళ్లీ నన్నే చూసింది. అంత శ్రద్ధగా చూస్తుంటే తినడం కష్టమని నేను పేపరు అడ్డం పెట్టుకోవడం నేర్చుకున్నాను. ఆ వారంలోనే ఒక పొద్దున ఆమె పేపరు లాగేసి, అట్లకాడ తెచ్చి నా ముందు పెట్టింది.

"నీ ఒక్కని మొఖం ఎన్నొద్దులని జూడాలె? రేపటి సంది నువ్వు గిటు నిలవడి నా మొఖం జూడు, నేను గటు కూసుంట."