పురిటికి రాని చెల్లి

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. అందుకే ఆ డిసెంబరులో మా చెల్లి మార్తను తీసుకురమ్మని అమ్మ నన్ను రాయపూర్ పంపింది. క్రిస్మస్ కూడా కదా అని ఒక డబ్బా నిండా అరిసెలు సర్దింది. పార్వతీపురంలో సాయంత్రం పాసింజరెక్కాను. ఆ దారిన వెళ్లేవాళ్లు దుప్పట్లు మరవకండి, రాయగడ దాటాక చలి ఎముకలు కొరుకుతుంది. టిట్లాగఢ్‌లో అమ్మేది వేడిగా ఉంటుందే గాని, దాన్ని టీ అనలేం.

తెల్లారాక ఎదుటి సీటాయన మాటల్లో పడ్డాడు. శ్రీకాకుళం మనిషే, రాయపూర్‌లో రైల్వే ఉద్యోగి. మా చెల్లి ఉండేది మోవాలో అని చెప్పాను.

"రైలు పట్రీ పక్క బస్తీయా? మొన్ననే ఇళ్లన్నీ తోడ్‌ఫోడ్ చేసేశారు భాయ్. ఇప్పుడంతా ఖాళీ మైదాన్," అన్నాడు.

స్టేషన్లో దిగగానే మర్నాటి బండికి రెండు సీట్లు రాయించి, బేరమైనా ఆడకుండా రిక్షా ఎక్కాను.

మోవాలో పట్టాల పక్కన పగిలిన ఇటుకలు, వంగిన రేకులు, మంచుకు తడిసిన బొంతలు. వాటి మధ్య మార్త పొయ్యి ఊదుతోంది. ఎనిమిదో నెల. పండక్కని గోడలకు సున్నం వేసుకున్నారట, అది ఆరేలోపే కూలగొట్టే బండి వచ్చిందట. మోకాలెత్తు మిగిలిన గోడ ఇంకా తెల్లగా ఉంది.

"పద, రేపటికి నీకూ సీటు తీశాను," అన్నాను.

"రాలేనన్నియ్యా. సర్వేవోళ్లు వొస్తారట. ఆలూమగలిద్దరం ఈ జాగాలో అగుపడితేనే వేరేకాడ ప్లాటిస్తారట. ఈయనొక్కడే ఉంటే అకేలా ఆద్మీ అని పేరు కొట్టేస్తారు."

"ఎప్పుడొస్తారు?"

"ఎవులికి తెలుసు?"

"మరి కాన్పో?"

మార్త మళ్లీ పొయ్యి ఊదసాగింది. పండరీ బట్టల మార్కెట్లో మూటలు మోసి వచ్చిన ఆమె మొగుడు యాకోబు మీద ఎగిరిపడ్డాను. "నన్నేటి సెయ్యమంటావు బావా?" అని తల దించుకున్నాడు. నిండు చూలాలైన మరియను వెంటబెట్టుకుని యోసేపు పేరు రాయించుకోడానికి సొంతూరు వెళ్లాడని ఏటా క్రిస్మస్‌కి వింటాం. ఇక్కడ సొంతూరు వెళ్తే పేరే పోతుంది. ఆ జనాభా లెక్క రాయమన్న కైసరే నయమనిపించింది.

పొద్దుగూకుతుండగా తెలుగు చర్చి సంఘం వాళ్లు ఢోలక్‌తో పండగ పాటలకు వచ్చారు. మావాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. వాకిట్లో మొదటి పాట ముగిసేదాకా ఇంటివాళ్లు లోపలే ఉంటారు, ఆ తర్వాతే దీపం పట్టుకుని తలుపు తీస్తారు. ఈసారి అందర్నీ ఒకచోట పోగేసి పాడతారనుకున్నాను. కాదు, ప్రతి ఇల్లూ ఉండిన చోట ఆగారు. వాళ్లు మా ముందుకు రాగానే మార్త లాంతరు తీసుకుని ఆ తెల్లగోడ వెనక్కి వెళ్లి కూర్చుంది. నలుదిక్కుల నుంచీ కనబడుతూనే ఉంది. అయినా పాడేవాళ్లలో ఒక్కరూ అటు చూడలేదు. పాట అయ్యాక నడుం పట్టుకుని లేచింది, దగ్గరి దారి ఉన్నా చుట్టూ తిరిగి, గడప ఉండిన చోటు నుంచే బయటికొచ్చింది. అందరికీ అమ్మ పంపిన అరిసెలు పంచింది.

"ప్రభువా, ఈ ఇంటిని..." అని పాస్టరుగారు అలవాటుగా ప్రార్థన మొదలుపెట్టారు. ఆ మాట దగ్గర ఆగి, తెల్లగోడ మీద చెయ్యి వేశారు. నేనైతే ఏడ్చేశాను.

ఆ రాత్రి నా బస కూడా టార్పాలిన్ కిందే. పండగ ఆరాధన అయ్యాక నా దుప్పట్లు వాళ్లకిచ్చి ఒక్కణ్ణే స్టేషనుకొచ్చాను. మార్త సాగనంపడానికి రాలేదు, జాగా వదిలి కదలకూడదు కదా.

రాయపూర్ ఎలా ఉందని ఊళ్లో అడుగుతారు. మార్కెట్టు పెద్దది, రోడ్లు వెడల్పు, మనుషులు మంచివాళ్లే. అమ్మకు ఏం చెప్పాలో మాత్రం దారి పొడుగునా తోచలేదు. పెట్టె కిక్కిరిసి ఉంది. నా పక్క సీట్లో ఖాళీ డబ్బా పెట్టాను. మూట నెత్తిన పెట్టుకుని నిలబడ్డ ఒక ముసలాయన, అక్కడెవరైనా ఉన్నారా అని హిందీలో అడిగాడు. డబ్బా ఒళ్లోకి తీసుకుని కూర్చోమన్నాను.

ఆయన కాళ్లు చాపుకుని, "చాలా చోటుంది బాబూ," అని సంతోషపడ్డాడు.

"ఉంది తాతా, మా చెల్లిది," అన్నాను.