ఆ ఆదివారం హజేరీ

ఒక చిన్న వాక్యాన్ని నేను కొన్నేళ్లపాటు పలకలేకపోయాను. అందులో ఉన్నవి నాలుగైదు మాటలే. మూడో తరగతి పిల్లవాడైనా తడబడకుండా చదవగలిగినవి. జీవితమంతా ఇతరుల వాక్యాలు దిద్దిన నాకు ఆ ఒక్కటి గొంతులోనే ఆగిపోయింది. ఈమధ్యనే బయటికి వచ్చింది. వచ్చినప్పటి నుంచి ఊపిరి తేలికగా ఆడుతోంది. అది లోపల ఎలా చేరిందో, అంతకాలం ఎందుకు ఉండిపోయిందో మీకు చెప్పాలని కూర్చున్నాను. నా పేరు మాత్రం చెప్పను. ఇది కూడా పిరికితనమేనా? కావచ్చు. కానీ తెలియవలసిన వారికి తెలిసింది. మీకు పేరుతో పని లేదు.

సరిహద్దు నది అవతల తెలుగులో చదువుకుని, ఇవతల సిరొంచలో మరాఠీ బడిలో గణితం చెప్పి, ప్రధానోపాధ్యాయుడిగా విరమించినవాణ్ణి. గంట కొట్టిన తరువాత గేటు దాటి వచ్చిన పిల్లవాడు ఎవరి కొడుకైనా సరే, ఎండలో నిలబెట్టేవాణ్ణి. విరమణ తరువాత కెమెరా పట్టాను. మాలాంటి కొందరం కలిసి ఫోటోలు తీసేవాళ్ల సంఘంగా ఒక ఫోటో మండల్ పెట్టుకున్నాం. అహేరిలో అటువంటిదే మరొకటి ఉండేది. ఒక నెల వాళ్లు ఇక్కడికి వచ్చేవారు, ఒక నెల మేము అక్కడికి వెళ్లేవాళ్లం. మా మండల్‌కు నేనే సంచాలకుణ్ణి. నియమాలన్నీ నావే.

కరోనా వచ్చి బస్సులు ఆగిపోయినప్పుడు రెండు మండళ్లూ చెదిరిపోతాయని నాకు భయం వేసింది. అందుకని ఒక పద్ధతి పెట్టాను. ప్రతి సభ్యుడూ తన గడప దాటకుండా తీసిన ఒక ఫోటోను శనివారం సాయంత్రానికి తన సంచాలకుడికి పంపాలి. అహేరి సంచాలకుడు తమ ఫోటోలు నాకు చేరవేస్తాడు. నేను అన్నింటినీ వరుసగా గడులలో అమర్చి, ఆదివారం ఉదయం రెండు మండళ్ల ఉమ్మడి గ్రూపులో పెడతాను. ఎవరి గడి వారిది. దానితోపాటు ఇంకొక నియమం. ఎవరి ఫోటో రాకపోతే, వారికి దగ్గరలో ఉన్న సభ్యుడికి నేను కబురు చేయాలి. అతడు వెళ్లి, గుమ్మానికి దూరంగా నిలబడి, పేరు పెట్టి పిలవాలి. మాలో ఒంటరిగా ఉండేవారు కొందరున్నారు. ఆ నియమం వారి కోసం. బడిలో హాజరు తీసుకున్న అలవాటు పోక దానికి ఆదివారం హజేరీ అని పేరు పెట్టాను. ఆ పేరు రెండు ఊళ్లలోనూ నిలిచిపోయింది. నాకది గర్వంగా ఉండేది. ఆ గర్వాన్ని మీరు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తరువాత జరిగినదానికి మూలం అదే.

మా తాలూకా పల్లె రేగుంటలో మా సభ్యుడు లచ్చన్న ఉంటాడు. ఎస్టీ అనే ఇక్కడి ప్రభుత్వ బస్సులో కండక్టరుగా చేసి దిగినవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. అతని అక్క పోశక్క అహేరిలో ఉంటుంది. అంగన్‌వాడీలో పని చేసి మానుకుంది, అహేరి మండల్‌లో సభ్యురాలు. రేగుంటలో అప్పట్లో ఫోన్ సరిగా అందేది కాదు. మాట్లాడాలంటే లచ్చన్న మిద్దె ఎక్కాలి. అందుకే పోశక్క ఆదివారం లేవగానే మొదట తమ్ముడి గడి చూసుకునేది. తమ్ముడి ఫోటోయే తనకు ఫోన్ అని ఆమె గ్రూపులో ఒకసారి రాసింది కూడా.

ఒక శనివారం లచ్చన్న ఫోటో రాలేదు.

అంతకుముందు వారం అతడు నాకు రెండు పంపి, ఏది బాగుంటే అది పెట్టమన్నాడు. ఒకటి తలుపు గొళ్లెం నీడ. రెండోది స్టీలు గ్లాసులో చాయ్. వాకిట్లోంచి వచ్చిన వెలుతురులో దాని మీద పొగలు తెల్లగా లేస్తున్నాయి. గ్లాసు కొంచెం వంకరగా ఉందని అతనికి చెప్పి నేను చాయ్‌ని పక్కన పెట్టి, గొళ్లెం నీడను ఎంచాను. అలా చాయ్ ఫోటో నా ఫోన్‌లోనే మిగిలిపోయింది.

ఆ శనివారం లచ్చన్నకు ఫోన్ చేశాను. కలవలేదు. ఇక నేను చేయవలసింది ఒక్కటే. రేగుంటలో పిండిగిర్ని నడిపే సమ్మయ్య కూడా మా సభ్యుడే. అతనికి ఒక్క మాట చెబితే వెళ్లి పిలిచేవాడు. చెప్పలేదు. ఎందుకు? ఈ ప్రశ్నను నేను ఎన్నోసార్లు వేసుకున్నాను, ప్రతిసారీ కొంత మర్యాదగా ఉన్న జవాబు వెతుక్కున్నాను. సిగ్నల్ లేదేమో అనుకున్నాననీ, పొద్దుపోయిందనీ, సమ్మయ్యను ఇబ్బంది పెట్టడం ఎందుకనుకున్నాననీ. అవేవీ కాదు. ఆ వారం అహేరి వాళ్ల వరుసలో రెండు గడులు ఖాళీగా వచ్చాయి. మా వరుసలో ఒక్క గడి కూడా ఎన్నడూ ఖాళీ లేదని వాళ్ల సంచాలకుడికి నేను అప్పుడే చెప్పి ఉన్నాను. చాయ్ ఫోటో చేతిలో ఉంది. లచ్చన్న గడిలో పెట్టేశాను. వరుస నిండింది. చూడడానికి ఎంతో చక్కగా ఉంది.

దీన్నే తప్పు అని మీరనుకోవచ్చు. నా లెక్కలో అసలు తప్పు సోమవారం జరిగింది. సోమవారం మళ్లీ ఫోన్ చేశాను, మోగలేదు. అప్పుడైనా సమ్మయ్యను అడగవచ్చు. కానీ అడిగితే, ఆదివారం ఫోటో వచ్చిన మనిషి కోసం ఈ కంగారు ఎందుకని అతడు అంటాడు. ఏం చెప్పాలి? నిన్న పెట్టిన అబద్ధం ఇవాళ నా నోరు కట్టేసింది. ఒక మనిషి క్షేమం కన్నా నా వరుస నాకు ఎక్కువైందా? అవును. అంత సూటిగా ఆ రోజు అనుకుని ఉండను. అనుకోకుండానే అలా నడుచుకున్నాను. ఏది ఎక్కువ నీచమో నాకు తెలియదు.

వారం మధ్యలో సమ్మయ్యకే అనుమానం వచ్చింది. లచ్చన్న జొన్నలు పట్టించి పెట్టమని డబ్బా ఇచ్చి, తీసుకుపోవడానికి రాలేదట. వెళ్లి పిలిస్తే పలకలేదు. తలుపు లోపల గడియ వేసి ఉంది. తీయించి చూస్తే, లచ్చన్న నీళ్ల కుండకు కొంచెం దూరంలో నేల మీద పడి ఉన్నాడు. శుక్రవారం నుంచి జ్వరమట. అక్కడి నుంచి సిరొంచ ఆస్పత్రికి, అక్కడి నుంచి ఇంకా పెద్ద ఆస్పత్రికి. చాలాకాలం ఆక్సిజన్ మీద ఉన్నాడు. బతికాడు. కానీ కిక్కిరిసిన బస్సులో ఈ చివర నుంచి ఆ చివరకు దూసుకుపోతూ టికెట్లు కొట్టిన మనిషి, ఇప్పుడు నాలుగు మెట్లు ఎక్కితే ఆగి నిలబడతాడు. నది ఒడ్డు దిగి ఫోటోలు తీయడం మానేశాడు.

పోశక్క సంగతి నాకు తరువాత తెలిసింది. ఆ ఆదివారం ఆమె అల్లుడు సరుకుల బండి వేసుకుని సిరొంచ వైపు బయలుదేరాడట. అదే బండిలో వెళ్లి తమ్ముణ్ణి చూసి వద్దామని ఆమె సంచి కూడా సర్దుకుందట. అంతలో గ్రూపు తెరిచింది. చాయ్ మీద పొగలు కనిపించాయి. లేచి పొయ్యి వెలిగించుకుని చాయ్ కాచుకున్నవాడికి ఏం కొదవ అనుకుని, సంచి దించి ఇంట్లోకి వెళ్లింది.

లచ్చన్న ఇంటికి వచ్చాక ఆమె అడిగిన మాట ఒకటే. వాళ్లకు ఫోటో పంపే తెలివి ఉన్నది గానీ, అక్కకు ఫోన్ చేసే తెలివి లేకపాయెనా అని. జ్వరం తగిలినప్పటి నుంచి జరిగినవేవీ లచ్చన్నకు జ్ఞాపకం లేవు. నేను వద్దన్న ఫోటోనే జ్వరంలో తాను మళ్లీ పంపి ఉంటానని నమ్మాడు. తల దించుకున్నాడు.

నేనేం చేశాను? వ్యాధి తగ్గి రెండు మండళ్లూ తిరిగి కలుసుకున్న రోజున, జ్వరంలో సైతం హజేరీ తప్పని సభ్యుడని అతణ్ణి అందరి ముందు నిలబెట్టి మెచ్చుకున్నాను. చాయ్ ఫోటోను ఫ్రేము కట్టించి అతని చేతికిచ్చాను. ఎవరూ అడగలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. అబద్ధాన్ని అంత ఘనంగా ఊరేగిస్తే అది నిజమవుతుందనుకున్నానేమో. లచ్చన్న దాన్ని ఇంట్లో గోడకు తగిలించుకున్నాడు. రాఖీ కట్టడానికి వచ్చిన పోశక్క ఆ ఫ్రేము చూసి, రాఖీ గూట్లో పెట్టి, నీళ్లయినా తాగకుండా వచ్చిన బస్సుకే తిరిగి వెళ్లిపోయింది. మరుసటి ఏడు నుంచి రాఖీ టపాలో వస్తోంది.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను. ఫ్రేము కింద కూర్చుని అతని ఇంట్లో భోజనం కూడా చేశాను.

హజేరీ మాత్రం మేము మానలేదు. ఇప్పటికీ నడుస్తోంది, గడులు అమర్చే పని మాత్రం ఇప్పుడు అహేరి సంచాలకుడిది. మొన్న ఒక శనివారం నా ఫోన్ కింద పడి తెర పగిలింది. బాగుచేసేవాడి దుకాణం మూసి ఉంది. మొదటిసారిగా నా గడే ఖాళీగా పోయింది. ఆదివారం ఎండ ఎక్కుతుండగా మా ఇంటి ముందు ఎవరో పేరు పెట్టి పిలిచారు. బయటికి వస్తే మెట్టు మీద కూర్చుని లచ్చన్న ఆయాసపడుతున్నాడు.

"ఫోటో రాలే సారు. ఫోన్ కలుస్తలేదు. ఈడున్నోళ్లకు చేస్తే అందరు లగ్గానికి పోయిండ్రట. ఇగ నేనే బస్సెక్కిన." కొంచెం ఊపిరి తీసుకుని నవ్వాడు. "గురూజీయే హజేరీ తప్పిండు. ఎండల నిలబెట్టాలె మిమ్ముల."

ఒక మనిషి గుమ్మం ముందు నిలబడి పిలవడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. నేను అతనికి అందకుండా చేసింది సరిగ్గా అదే. ఇక ఆపుకోలేకపోయాను.

"లచ్చన్నా, ఆ చాయ్ ఫోటో నువ్వు పంపలే. నేను పెట్టిన."

"ఏ చాయ్ ఫోటో?"

"మీ ఇంట్ల గోడకున్నది."

అతడు మెట్టు మీదే నా వైపు తిరిగాడు. "గ్లాసు వంకరున్నదని మీరే వద్దంటిరి కద."

"అంటిని."

"మరెట్ల పెట్టిన్రు?"

"గడి ఖాళీ ఉంటదని."

ఆ జవాబు నా చెవికి ఎంత అల్పంగా వినిపించిందో చెప్పలేను. లచ్చన్న తువాలతో ముఖం తుడుచుకున్నాడు.

"అంటే, జ్వరంల లేసి మీకు ఫోటో పంపి, అక్కకు ఫోన్ చెయ్యనోన్ని కాదన్నట్టు నేను."

"కాదు."

"ఇన్నేండ్లు నేను గిసొంటి మనిషినా అని పరేషాన్ అయిన సారు."

తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు. నా మీద కోపం ఉందా అని అడిగాను. అడగకూడని మాట. ఇంకా నాకేదో కావాలని అడిగినట్టే అది.

"గది ఇప్పుడే అడగకున్రి," అన్నాడు. లేచి చెప్పులు తొడుక్కున్నాడు. "అక్కకు నేను చెప్తే నమ్మది. మీరే పోయి చెప్పున్రి. ఫోన్ల కాదు, పోయి."

మా ఇంట్లోంచి చాయ్ వచ్చేసరికి అతడు వీధి మలుపు తిరిగాడు.

మరునాడే అహేరి బస్సెక్కాను. దారిలో జిమల్‌గట్ట దాటేదాకా ఏ మాటతో మొదలుపెట్టాలో కూర్చుకుంటూనే ఉన్నాను. పోశక్క గడప చూడగానే అవన్నీ పోయాయి. ఆమె చేటలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నిలబడే చెప్పాను. కూర్చోమనలేదు. అంతా విని, ఆదివారం సంగతి సరే, సోమవారం సమ్మయ్యకు ఎందుకు చెప్పలేదని అడిగింది. నేను తప్పించుకోవాలనుకున్న ప్రశ్న ఆమెకు వెంటనే దొరికింది. సిగ్గుపడి చెప్పలేదని అన్నాను. ఆమె చేట తీసుకుని లోపలికి వెళ్లింది. తిరిగి రాలేదు. కొంతసేపు నిలబడి, వచ్చేశాను.

ఆమె మళ్లీ రేగుంట వెళుతుందో లేదో నాకు తెలియదు. వచ్చే రాఖీ మనిషితో వస్తుందో, టపాలో వస్తుందో తెలియదు. లచ్చన్న కోపమెంతో అతడు ఇంకా చెప్పలేదు, నేను మళ్లీ అడగలేదు. అయినా తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి, పట్టపగలు, గుంతలలో బస్సు ఎగిరిపడుతున్నా, హాయిగా నిద్రపోయాను. దీనికి నేను అర్హుణ్ణేనా? కాకపోవచ్చు. నిద్ర మాత్రం వచ్చింది.

పేపర్లు చదివే మా ఊరి వాచనాలయంలో ఆనాటి ఆదివారాలన్నీ అచ్చువేసి, బోర్డు మీద వరుసలుగా పెట్టి ఉంచాం. ఊరికి చేరగానే వెళ్లి ఆ చాయ్ ఫోటోను నా చేతితో తీసేశాను. మిగిలిన వరుసలన్నీ నిండుగా ఉన్నాయి. ఆ ఒక్క గడిలో బోర్డు చెక్క కనిపిస్తోంది. జీవితంలో నేను చేసిన ఏ పనీ నాకు అంత సరిగా కనిపించలేదు.

నిన్న అహేరి సంచాలకుడు ఏదో పని మీద వచ్చి బోర్డు చూశాడు. మీ వరుసలో ఒక ఫోటో ఊడి పడిపోయినట్టుంది, వెతికించండి సారూ అన్నాడు.

పడిపోలేదన్నాను. ఆ ఆదివారం లచ్చన్న ఫోటో పంపలేదు.