రెండేళ్లు దాచిన మాట

మా అమ్మ ఎమ్మిగనూరులో మా అన్న దగ్గర ఉంటుంది. డెబ్బై దాటినా పక్కింటి మగ్గానికి నూలు కండెలు చుట్టేది. నేను ఆదోనిలో బడి పంతులమ్మను. పోయినేడాది ఆమె మా ఇంటికి వచ్చి నాలుగు రోజులున్నప్పుడు, పెరట్లో చీర చాటున ఆరేసుకున్న పాతగుడ్డ మీద నెత్తురు మరక చూశాను. ముట్టాగిపోయి ఇరవై ఏళ్లు దాటిన మనిషి.

"ఏమ్మా ఇది?" అన్నాను.

"వేడి సేసింటుందిలే. మజ్జిగ తాగితే పోతాది."

బలవంతాన ఆదోనిలోనే ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఆమెను పరీక్ష చేయలేదు, కనీసం ఆమెతో మాట్లాడలేదు. నా ముఖం చూసి, "వయసు కదమ్మా, మామూలే. మందులు రాస్తాను" అన్నాడు. బయటికి రాగానే అమ్మ, "సూసినావా, డాక్టరే సెప్పినాడు" అంది గెలిచినట్టు. నిజం చెప్పాలంటే నాకూ హాయిగానే అనిపించింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నాలుగు నెలలకు అమ్మ కండెలు చుడుతూనే కళ్లు తిరిగి పడిపోయింది. ఈసారి కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. అక్కడి డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సరని చెప్పింది. "ఎన్నాళ్ల నుంచి ఇలా అవుతోంది?" అని అడిగితే, నేను నోరు తెరిచేలోపే అమ్మ మెల్లగా అంది: "రెండేండ్లు."

వరండాలోకి రాగానే అరిచేశాను. "రెండేండ్లా! నాతోనన్నా సెప్పకూడదా?"

"యాడ సెప్పేది? వచ్చినప్పుడల్లా బస్సుకు టైమైందంటావు. నీ యెనక బస్టాండు దాకా వచ్చి సెప్పల్లా?"

పక్క బెంచీ మీద పెద్దకడుబూరు నుంచి వచ్చిన ముసలామె మా మాటలు విని, "నేను మూడేండ్లు దాచినా తల్లీ" అంది. చుట్టూ చూస్తే అంతా ఆ వయసు ఆడవాళ్లే. ఇంతమందిలో ఒక్కరినీ, ఒక్కసారైనా, ఎవరూ ముందుగా అడగలేదా అని నాకు గోడకు తల బాదుకోవాలనిపించింది.

డాక్టరమ్మ రేడియేషన్ పెట్టించాలంది; మా వైపు దాన్ని కరెంటు పెట్టించడమంటారు. ఇంటికి వచ్చాక మా అన్న కొత్త పాట ఎత్తుకున్నాడు. "ఈ వయసులో కరెంటు పెట్టించి ఆయమ్మను బాధ పెట్టేదెందుకు? ఉన్నన్నాళ్లు ఇంట్లోనే సూసుకుందాం."

"నీకే వచ్చింటే ఇట్లే అంటావా?" అన్నాను. మాటా మాటా పెరిగింది. గోడకానుకుని కూర్చున్న అమ్మ ఉన్నట్టుండి గట్టిగా అంది: "రోగం నాది. నన్నడిగేవాళ్లు ఒగరూ లేరేమప్పా? పెట్టించుకుంటా."

అన్న తల వంచుకున్నాడు. మరుసటి వారమే ఆమెను కర్నూలులో చేర్చాం.

ఐదు వారాలు కరెంటు పెట్టించాం. అన్నం సహించేది కాదు, విరేచనాలు ఆగేవి కావు. ఒకరోజు "సాలు, ఇంటికి పోదాం" అని ఏడ్చింది. మర్నాడు తనే లేచి నా కంటే ముందు చీర కట్టుకుని కూర్చుంది. చివరికి నెత్తురు ఆగింది. ముందే వచ్చి ఉంటే ఇంత పడాల్సిన పని లేదని డాక్టరమ్మ అంది. ఆ 'ముందే' అనే మాట వింటేనే నాకు తిక్క రేగుతుంది.

ఇప్పుడు అమ్మ చిక్కిపోయింది గానీ లేచి తిరుగుతోంది. వీధిలో ఆడవాళ్లు కూర్చున్న చోటికల్లా పోయి, మీకూ ఇట్లా నెత్తురు పోతోందా అని సిగ్గు విడిచి అడుగుతుంది. మొన్న ఒకామె ఒప్పుకుంది, తనకూ ఆరు నెలల నుంచీ అవుతోందని. ఆమెను కర్నూలు తీసుకుపోదామని నేను సెలవు పెట్టి పొద్దున్నే ఎమ్మిగనూరు వెళ్లాను. అమ్మా నేనూ బస్టాండులో నిలబడి మూడు బస్సులు వదిలేశాం. ఆమె రాలేదు. ఇంటికి పోయి అడిగితే, "పత్తి తీసినంక పోదాంలే అన్నాడు మా కొడుకు" అంది, తల ఎత్తకుండా.

అమ్మ ఆ గడప మీదే కూలబడింది. "నీ కొడుకును పిలువు. వాడొచ్చేదాకా నేనీడనే కూసుంటా."

మధ్యాహ్నం దాటినా వాడు చేను నుంచి రాలేదు.