కొప్పెరలో ఉడికిన బందూకు

బందూకుతో మనుషులను చంపినవాళ్ళ కథలు మీరు వినే ఉంటారు. బందూకునే చంపిన మనిషిని నేను. అదీ మా ఇంటిది కాదు, నమ్మి మా ఇంట్లో పెట్టిపోయిన పొరుగాయనది. అదీ పండుగ ముందు. అదీ మా అత్త పక్కన నిలబడి మెచ్చుకుంటూ ఉండగా. ఇంత ఘనకార్యం చేసి నోరు మూసుకుని పోవడం నా వల్ల కాదు, అందుకని మొదటి నుంచి చివరిదాకా వరుస తప్పకుండా చెప్తాను. మధ్యలో నవ్వొస్తే నవ్వండి. వరుస మాత్రం తప్పించకండి.

ఏ ఏడు అని అడుగుతారు. యూరపులో పెద్ద యుద్ధం మొదలైన ఏడు. మా అత్తగారి ఊరు తెలకపల్లి పక్కన. నాకు పెళ్ళయ్యాక అది రెండో దసరా, కానీ మొదటి దసరాకు వనపర్తిలో పుట్టింట్లో ఉన్నాను కాబట్టి అత్తగారింట్లో అదే మొదటిది. ఈ తేడా చిన్నది కాదు. కొత్త కోడలి పనితనం ఎంతో ఊరు తేల్చేది మొదటి పండుగకే.

నా పనితనమంటే తోముడు. గొప్పలు చెప్పుకునే అలవాటు నాకు లేదు, ఉన్నదే చెప్తున్నాను. నేను తోమిన ఇత్తడి చెంబులో చూసుకుని మా అత్త బొట్టు పెట్టుకునేది. గోడకున్న అద్దం పనిలేక దుమ్ము పట్టిపోయింది. నేను తోమిన గిన్నెలు వాకిట్లో బోర్లిస్తే కాకులు కళ్ళు చెదిరి పక్కింట్లో దిగేవి. చింతపండు, ఉప్పు, ఇటుకపొడి, కొబ్బరిపీచు నా చేతికిచ్చి వదిలితే ఆ రోజుల్లో నల్లమల కొండలను కూడా తెల్లగా చేసి ఇచ్చేదాన్ని.

ఆ పక్కింటాయన పేరు ఖాజామియా. నేను కాకా అని పిలిచేదాన్ని. ఆయనకు కొంచెం మెట్ట చెలక ఉంది, దానికంటే ఎక్కువగా అడవి తెలుసు. పట్నం నుంచి వేటకు వచ్చే సాబులు అమ్రాబాద్ కొండలెక్కాలంటే ముందు ఆయనకే కబురు పెట్టేవాళ్ళు. ఆయనకొక దునాలి బందూకు ఉండేది. నాలి అంటే గొట్టం, రెండు గొట్టాలు కాబట్టి దునాలి. ఏటా ఆయుధపూజకు మా ఇంట్లో నాగలి, గొడ్డలి, కొడవళ్ళ పక్కన దాని చోటు దానికి ఉండేది. ఆ ఏడు ఆయన గద్వాలలో ఉన్న కూతురిని చూడటానికి పోతూ, ముందుగానే తెచ్చి మా మామ చేతిలో పెట్టాడు.

"పటేలా, పండుగనాటికి వస్త. పూజల పెట్టేముందు జర తుడిపియ్యి. వట్టి చేతులతోని నాలి ముట్టనియ్యకు. చెమట తాకితే జంగు పడ్తది." జంగంటే తుప్పు.

"నీ బందూకు నా ఇంటి బిడ్డ లెక్క. పోయిరా భాయ్."

"పండుగ కాంగనే అమ్రాబాద్ పోవాలె. సాబులొస్తున్నరు. వాళ్ళు నా మొకం చూసి పిలుస్తలేరు పటేలా, నా బందూకు చూసి పిలుస్తున్నరు."

మా ఆయన పల్లికాయ బండి కట్టుకుని కల్వకుర్తి పోయాడు. మామ చేనుకు పోతూ నాతో, "సత్తెమ్మా, పాత గుడ్డ తీసుకొని బందూకు తుడిచి పెట్టు బిడ్డా," అన్నాడు.

తుడవడం. మీరే చెప్పండి, పండుగకు తుడుస్తారా, తోముతారా? తుడవడమనేది మగవాళ్ళు పనిని తప్పించుకోవడానికి కనిపెట్టిన మాట అని నాకు గట్టి నమ్మకం. అయినా మామ మాట తీయకుండా ముందు గుడ్డతోనే మొదలుపెట్టాను. గుడ్డ నల్లబడింది. ఇంకో గుడ్డ తెచ్చాను, అదీ నల్లబడింది. అది పాత నూనె మడ్డి అని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం నాకు ఒక్కటే తోచింది: ఈ మగమనిషి ఇన్నేళ్ళు మురికి మీద మురికి పట్టించి, దాన్ని భుజాన వేసుకుని, పట్నం సాబుల ముందు సిగ్గులేకుండా తిరుగుతున్నాడు. పాపం, ఇంట్లో ఎవరూ చెప్పినట్టు లేదు.

చింతపండు నానబోశాను.

మొదట గోరంత చోట తెల్లగా మెరుపు కనబడింది. ఆ మెరుపు చూశాక నన్ను ఆపగలిగిన మనిషి నాగర్‌కర్నూల్ తాలూకాలోనే లేడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి రెండు నాలులూ వెండి కడ్డీల్లా తయారయ్యాయి. అత్తను పిలిచి చూపించాను.

"ఓసి నీ చేతులు సల్లగుండ," అంది అత్త. "లోపల ఇంత తెలుపు పెట్టుకొని ఖాజామియా నల్లగ ఉంచిండే. గాయనకు తెల్వనే తెల్వదేమో."

"పాలిష్ పట్టలే అత్తమ్మా. ఒట్టి చింతపండే."

"జర్ర ఎండల పెట్టు. పోయేటోళ్ళు చూస్తరు."

ఎండలో పెట్టాం. పోయేవాళ్ళు చూశారు. ఆ పూటంతా నా మెడ వంగలేదు. మామ చేను నుంచి వస్తూ ఆ మెరుపు ఏమిటో దూరం నుంచే చూసి, ఎవరో రేకు ఆరేశారనుకున్నాడట. దగ్గరికి వచ్చాక నిలబడిపోయాడు.

"ఏందిది?"

"ఖాజా కాక బందూకు మామా."

"నలుపేది?"

"పోయింది. జర కష్టమైంది గని, మొత్తం పోయింది."

మామ అరుగు మీద కూలబడ్డాడు. నా ముఖం చూశాడు, బందూకు చూశాడు, మళ్ళీ నా ముఖం చూశాడు.

"మల్ల పెట్టు," అన్నాడు.

"ఏంది మామా?"

"ఆ నలుపు. ఏడికెళ్ళి తీసినవో ఆడనే పెట్టు."

అత్తకు కోపం వచ్చింది. "పండుగపూట తీసిన మురికి మల్ల పూయమంటవేంది? పిల్ల చేతులు చూడు, ఒరుసుకపోయినయి."

"అది మురికి కాదే. ఇనుముకు కంపెనోడు కావాల్నని కట్టిన నలుపు. మనిషికి తోలెట్లనో దానికి అదట్ల. నీ కోడలు బందూకు తోలు ఒలిచింది."

"ఒలిస్తే ఏమైతది?" అంది అత్త, ఈసారి గొంతు తగ్గించి.

"ఒకటి, జంగు తింటది. రెండోది, అడవిల మెరుస్తది. దుప్పి దూరంకెళ్ళే చూస్తది. ఉరకదు కూడ. అద్దం దొరికిందని నిలబడి కొమ్ములు సవరిచ్చుకుంటది."

నవ్వాల్సిన మాటే. నేను మాత్రం లెక్క వేసుకుంటున్నాను. ఇలాంటి బందూకు పట్టుకుని వెళితే సాబులు ఇంకొకరిని పిలుచుకుంటారు. ఖాజా కాకకు అడవి పోతుంది. మామ ఇచ్చిన మాట పోతుంది. మొదటి పండుగకే కోడలు చేసిన ఘనత పక్క ఊళ్ళదాకా పోతుంది.

"కావాల్సింది నలుపే గద," అంది అత్త. "కాటుకున్నది."

కాటుక, ఆముదం కలిపి నేనే పూశాను. నిజం చెప్పాలంటే చాలా అందంగా వచ్చింది. మామ ఆశగా ఎత్తి, చెంప ఆనించి, ఒక కన్ను మూసి గురి చూశాడు. దించి మీసం దువ్వుకున్నాడు. తెల్లటి మీసం ఒక పక్క పడుచువాడిదయ్యింది, రెండో పక్క ముసలివాడిదిగానే ఉండిపోయింది. నేనూ అత్తా కొంగులు నోట్లో కుక్కుకున్నాం. ఆయన వేళ్ళు చూసుకుని, "దుప్పికి ఏం గాదు గని, అడవిల సాబులందరి మూతులు నల్లగైతయి," అన్నాడు.

కుంకుడురసంతో కాటుక కడిగేసి, నీళ్ళకుండల పక్కన ఆనించి, ఏడుపు మొహాలతో పడుకున్నాం. పొద్దున లేచి చూస్తే నాలులు ఎర్రగా ఉన్నాయి. అక్కడక్కడా కాదు, ఆ చివర నుంచి ఈ చివరదాకా కుంకుమ అద్దినట్టు.

మామ తీరిగ్గా వచ్చి చూశాడు. ఆయనకు కోపం కూడా అయిపోయింది. "నల్లగ ఇచ్చిండు. తెల్లగ చేసినవ్. ఎర్రగైంది. ఇంక పచ్చ ఒక్కటే బాకీ."

నేను ఆలోచించాను. చింతపండు, ఉప్పు ఇనుములోకి దిగి ఉంటాయి. ఊరగాయ జాడీలో ఉప్పు దిగితే ఏం చేస్తాం? మరిగే నీళ్ళతో విడిపిస్తాం. ఇదీ అంతే. కానీ అంత పొడుగు సామాను పట్టే గిన్నె ఇంట్లో లేదు, చెరుకు పానకం కాచి బెల్లం వండే కొప్పెర ఒక్కటే ఉంది. వాకిట్లో పొయ్యి పేర్చాను. మామ కట్టెభాగం విడదీసి, నాలుల్లోకి నీళ్ళు పోకుండా రెండు చివరలా బిరడాలు కొట్టి, ఇంక పోయేదేమీ లేదన్నట్టు నా చేతికిచ్చాడు.

నీళ్ళు తెర్లుతుండగా ఎదురింటి బాలమ్మ చల్లకోసం వచ్చింది.

"ఏం వండుతున్నవ్ వదినె, గింత కొప్పెర పెట్టినవ్?"

"బందూకు," అంది మా అత్త.

బాలమ్మ తొంగి చూసింది. "ఉడికినాక ఎట్లుంటది?"

"తెల్వదు. మేం కూడ మొదటిసారే."

బాలమ్మ చల్ల మాట మరిచిపోయి వెళ్ళింది. ఊరికి ఆ వార్త ఎలా చేరిందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అసలు సంగతి అప్పుడు జరిగింది. నీళ్ళలో ఆ ఎరుపు చూస్తుండగానే ముదురుతూ వచ్చింది, ముదిరి ముదిరి నల్లబడింది. పైకి తీస్తే కుంపటి బొగ్గులా ఉంది.

"అయ్యో, మల్ల మురికి పట్టె," అంది అత్త.

నా చెయ్యి దానంతట అదే చింతపండు వైపు పోయింది. మామ మణికట్టు పట్టుకున్నాడు. మామ కోడలి చెయ్యి పట్టుకునే ఆచారం మా ఇళ్ళల్లో లేదు. ఆయన పరిస్థితి మీరు అర్థం చేసుకోవాలి.

"ఆగు. కదలకు. శ్వాస కూడ మెల్లగ తియ్."

ఆయనే మెత్తటి గుడ్డతో తుడిచాడు. పైపైన ఉన్న మసి రాలిపోయింది. దాని కింద పలచటి నలుపు మిగిలింది. గోరుతో గీకాడు, రాలేదు. మీసానికి రాశాడు, అంటలేదు.

"ఇదే," అన్నాడు. "కంపెనోడి నలుపు ఇదే."

ఇక్కడ నుంచి కథలో నేను సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, కాబట్టి కొంచెం గట్టిగానే చెప్తాను. ఆ నలుపు పలచగా ఉంది, మచ్చలు మచ్చలుగా ఉంది. మామకు అదే చాలనిపించింది. నాకు చాల్లేదు.

"మామా, ఎర్రగున్నది ఉడికి నల్లగైంది. ఇంకోసారి ఎర్రగ చేస్తే ఇంక నల్లగైతది."

"కావాల్నని జంగు పట్టిస్తవా?"

"పట్టిస్త. ఈసారి సమానంగ పట్టాలె. ఒక్క చుక్క ఎక్కువ తక్కువైనా నేను ఒప్పుకోను."

"తోలు ఒలిచింది నువ్వే, ఒప్పుకోనిది నువ్వేనా?"

నేనే. ఉప్పునీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో వత్తకుండా తుడిచి, కుండల పక్కన తేమలో పెట్టాను. ఎర్రబడింది. ఉడికించాను. మసి రాల్చాను. మళ్ళీ తుడిచాను, మళ్ళీ పెట్టాను, మళ్ళీ ఉడికించాను. పండుగకు అప్పాలు ఎవరు చేశారో నాకు గుర్తులేదు. ఒక్కో ఉడుకుకు రంగు లోతు పెరిగింది. చివరిసారి వేడి తగ్గకముందే ఖాజా కాక బందూకుతో పాటు ఇచ్చిపోయిన నూనె పట్టించాం. అప్పుడు నాలుల మీద బాగా పండిన నేరేడుపండు నిగనిగ వచ్చింది. నలుపులో నీలం. నేను తోమిన ఏ ఇత్తడి చెంబూ దాని ముందు నిలవదు, ఈ మాట అంటున్నది నేను.

పూజ అయ్యింది. ఖాజా కాక గద్వాల నుంచి నేరుగా మా ఇంటికే వచ్చాడు. గుడ్డతో పట్టి బందూకు ఎత్తి, వాకిట్లోకి పోయి, ఎండలో అటూ ఇటూ తిప్పాడు. మామ స్తంభానికి ఆనుకున్నాడు. నేను తలుపు వెనకాల ఉన్నాను.

"పటేలా," అన్నాడు ఖాజా కాక. "ఇది నా బందూకు కాదు."

మామ నోరు తెరిచేలోపు నేనే బయటికి వచ్చాను.

"నీదే కాకా. చింతపండేసి తోమిన, తెల్లగైంది. తెల్లారి ఎర్రగైంది. ఆపైన ఉడకబెట్టిన."

"ఏంది, ఉడకబెట్టినవా?"

"కొప్పెరల."

ఆయన నాలి వాసన చూశాడు. "ఉప్పేసినవా?"

"ఏసిన."

"ఇంక నేను అడిగేదేమున్నది," అని బందూకు నా వైపు తిప్పాడు. "నా ఎడమచెయ్యి పట్టేకాడ నలుపు అరిగిపోయి ఎన్నేండ్లనుంచో తెల్లగ మెరుస్తుండె బిడ్డా. సాబుల ముంగట అరచెయ్యి అడ్డం పెట్టి దాసుకుంటుంటి. గా మచ్చ లేకపాయె, అందుకే నాది కాదన్న."

భుజానికి ఆనించి సూర్యుడికి ఎదురుగా గురి చూశాడు. మెరవలేదు. సలాం చెప్పి, మరునాడే అమ్రాబాద్ పోయాడు.

ఆయన వచ్చేదాకా మామ రోజూ అరుగు మీద కూర్చుని దారి చూశాడు. అడవిలో తడికి, చెమటకు నా నలుపు నిలుస్తుందో లేదో అని ఆయన భయం. నిలుస్తుందని నాకు తెలుసు. అయినా ఎందుకైనా మంచిదని నేను కూడా దారి చూశాను. ఒక సాయంత్రం ఖాజా కాక వచ్చాడు. ఆయన భుజం మీద రెండు బందూకులున్నాయి.

"సాబు నా బందూకు చేతిల పట్టుకొని ఒక్కటే అడుగుడు పటేలా, ఈ పని ఏ కంపెనీల చేపిచ్చినవని. ఏం చెప్పాలె, మా ఊరి కంపెనీ అన్న. ఇది ఆయన సొంతది. చెమట మచ్చలు పడ్డయట. అదే కంపెనీల ఇయ్యమన్నడు."

మామ ఎన్నడూ లేనంత ఠీవిగా మీసం దువ్వుకున్నాడు. "కంపెనీ పొయ్యికాడ ఉన్నది," అన్నాడు. "ఉండు, పిలుస్త."

కాబట్టి ఆ రోజు అత్తమామల ఎదుట, ఖాజా కాక ఎదుట, నా కుడిచెయ్యి కొప్పెర మీద పెట్టి ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఇంకెన్నడూ, ఎవరి బందూకు నలుపునూ వాళ్ళను అడగకుండా తీయను, అడిగి, వాళ్ళ కళ్ళముందే తీస్తాను, కట్టెలు మాత్రం వాళ్ళే తెచ్చుకోవాలి. కొప్పెర అప్పటికే పొయ్యి మీద ఉండటం వల్ల ప్రమాణం కొంచెం తొందరగా ముగించాల్సి వచ్చింది. అయినా ఈనాటిదాకా ఒక్కసారి కూడా తప్పలేదు.