కోటేసుకున్న బాపు

మా బాపు బతికున్నన్నాళ్లూ కోటు తొడగలేదు. పోయిన పదో రోజున మాత్రం నల్ల కోటు, ఎర్ర టై వేసుకుని, పూలదండతో కుర్చీలో వెలిశాడు. ఆ ఘనకార్యం పెద్దబాపుది. బాపుకు సొంత అన్న, పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం, లోకంలో అన్నీ తనకే తెలుసన్న ధీమా.

బాపుది కార్వాన్‌లో పాల వ్యాపారం. పాలు పోసి వచ్చాక ఇంట్లో కాలు నిలిచేది కాదు. వానొస్తే జనం లోపలికి ఉరుకుతారు, ఈయన బయటికి ఉరికేవాడు. పడక ఆరుబయటే, తిండీ ఆరుబయటే. ఆదివారం వస్తే అమ్మనూ నన్నూ, ఒక్కోసారి గల్లీ పిల్లల్నీ బండెక్కించి ఊరి చివరి గుట్టలకు తీసుకెళ్లేవాడు. జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ కారం. చెట్టూ చేమా లేని బండ మీద ఎండ వచ్చే వైపు తాను కూర్చునేవాడు.

"నా యెనక కూసోండ్రి, సల్లగుంటది" అనేవాడు. ఎండ జరిగితే తానూ జరిగేవాడు.

పెద్దబాపుకు ఇది తిరుగుడు రోగంలా కనిపించేది. "పెండ్లాం పిల్లల్ని గుట్టలెంబడి తిప్పుతున్నవేందిర? మేకలా ఏంది?" అని నలుగురిలో నవ్వేవాడు. ఆ మహానుభావుడు తన పిల్లల్ని తీసుకెళ్లింది దుకాణం మెట్ల దాకానే. ఈ జన్మకు వాళ్లకు అదే షికారు.

బాపు ముఖం కనిపించే ఫొటో ఒక్కటే మిగిలింది. పెళ్లి ఫొటో వరద నీళ్లలో పోయింది. ఫోన్లలో తీసినవన్నీ వీపులే, ఎప్పుడూ ముందు నడిచే మనిషి కదా. ఆ ఒక్కదాంట్లో బాపు సాయంత్రపు ఎండకు కళ్లు చికిలించి నవ్వుతుంటాడు, వెనక నేనూ అమ్మా. పెద్దబాపు దాన్ని తీసుకుని కత్తెర అందుకున్నాడు.

"గదొక్కటే ఉన్నది పెద్దబాపు, కొయ్యకు" అన్నాను.

"దండేసే ఫొటోల బతికున్నోళ్లు ఉండొద్దు. నీకెర్క లేదు, ఊకో."

మమ్మల్ని కోసి పారేసి, మిగిలిన తలను అఫ్జల్‌గంజ్‌లో ఓ ఫొటో దుకాణానికి మోసుకెళ్లాడు. తిరిగొచ్చింది ఈ కోటు. చికిలించిన కళ్లు గుడ్లప్పగించి చూస్తున్నాయి.

"కండ్లు మూసుకొని ఉండె, తెరిపించిన. రంగు గూడ జర తెల్లగ చేయించిన. మస్తున్నడు గదా!"

నలభై ఏళ్లు ఎండ తిన్న ముఖానికి సున్నం కొట్టించి, పైగా మెప్పు కోసం మా వైపు చూశాడు. వచ్చిన చుట్టాలు తక్కువ తిన్నారా? "కలెక్టర్ లెక్కున్నడు" అని చేతులు జోడించారు. ఇందులో సగం మంది బాపు బతికుండగా గుమ్మం తొక్కలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇక ఈ ఇంట్లో బాపు అంటే ఈ కలెక్టరే కదా అని గుండె చెరువైంది.

అందరూ వెళ్లాక అమ్మ కొంగు ముడి విప్పింది. కత్తెర కింద పడ్డ ముక్కను ఆ రోజే ఏరి దాచుకుందట. బండ మీద అమ్మా నేనూ. బాపు ఉండాల్సిన చోట కోత.

"గిండ్ల బాపు ఏడున్నడమ్మా?" అన్నాను.

మా ఇద్దరి మీదా పరుచుకున్న నీడ మీద అమ్మ వేలు పెట్టింది.

"ఆ కుర్చీల కూసున్నది ఎవలో నాకెర్క లేదు బిడ్డా. గిదీ మీ బాపు."