ఎడమ చేతి కింద బంతి

ఆ ఏడాది నా కుడి చెయ్యి రోజుకు కొంత పని మాత్రమే చెయ్యగలిగేది. తార్నాకలో మేముండే వీధి చివర ఒక ఎముకల డాక్టరు ఉండేవాడు. ఆయన నా మణికట్టును అటూ ఇటూ వంచి చూసి, మౌస్ వాడకం తగ్గించమన్నాడు. తగ్గించడం కుదరదు. నాది భూగోళ శాస్త్రంలో పరిశోధన. పాత పటాల మీది చెరువు గట్లను కంప్యూటర్‌లో చుక్క చుక్కగా గుర్తించాలి. ఒక్కో చెరువుకు వందల క్లిక్కులు. సాయంత్రం పెన్ను పట్టుకుంటే బొటనవేలి కింద మంట. పదమూడో ఏట నుంచి రాస్తున్న డైరీ రోజుకొక పేజీ నుంచి రోజుకొక వాక్యానికి వచ్చింది. ఇవాళ బంద్. ఇవాళ బంద్ లేదు. అంతే. పటాలు మా గైడ్‌కు కావాలి. డైరీ నాకు తప్ప ఎవరికీ అక్కర్లేదు.

రెండో చెయ్యి ఒకటి ఉందని తట్టడానికి చాలా రోజులు పట్టింది. చిన్నప్పుడు కడపలో నేను పలక మీద ఎడమ చేత్తో రాస్తే అమ్మ బలపం తీసి కుడి చేతిలో పెట్టేది. కొన్నాళ్లకు ఆ చెయ్యి రాయడం మరిచిపోయింది.

ట్రాక్‌బాల్ గురించి ఇంటర్నెట్‌లో చదివాను. మౌస్‌ను జరిపినట్టు దాన్ని జరపక్కర్లేదు. అది ఉన్నచోటే ఉంటుంది, పైనున్న బంతిని వేళ్లతో దొర్లిస్తే తెర మీద బాణం గుర్తు కదులుతుంది. రెండు బంద్‌ల మధ్య బస్సులు తిరిగిన ఒక రోజు సికింద్రాబాద్ వెళ్లాను. దుకాణాయన రెండు రకాలు తీసి ముందు పెట్టాడు. ఒకదానికి బంతి బొటనవేలి దగ్గర ఉంది, కుడి చేతికే కుదురుతుంది. రెండోదానికి బంతి నడుమ, అటూ ఇటూ బటన్లు. ఏ చెయ్యయినా సరిపోతుంది.

"లినక్స్‌లో పనిచేస్తుందా?" అని అడిగాను.

"ఏందో మేడం, గట్ల ఎవ్వరు అడగలే. పెట్టి చూడుండ్రి, చల్తది. గని వాపస్ మాత్రం తీస్కోం."

నడుమ బంతి ఉన్నదే తీసుకున్నాను. ఇంట్లో కంప్యూటర్ లేదు. చెయ్యి అలవాటు పడాలని భోజనాల బల్ల మీద పెట్టుకుని ఊరికే తిప్పుతూ కూర్చున్నాను.

"ఏందిమే అది, ఎడం చేత్తో గోలీలాడతాండావు?" అంది అమ్మ. చెప్పాక కూడా ఆమెకు నచ్చలేదు. కానీ బలపం తీసినట్టు తియ్యలేదు.

మా ల్యాబ్‌లో కిటికీ పక్కనున్న కంప్యూటర్‌లోనే విండోస్ బదులు లినక్స్ ఉండేది, పటాలు గీసే సాఫ్ట్‌వేర్ అందులో ఉచితం కాబట్టి. అందరికీ ఒకటే లాగిన్. పాస్‌వర్డ్ చీటీ మానిటర్‌కే అంటించి ఉండేది. నేను తొందరగా వెళ్లి, ఎవరూ రాకముందే బంతిని తగిలించాను. వెంటనే పనిచేసింది. కానీ ఎడమ చేతి చూపుడు వేలు పడేది కుడి బటన్ మీద. బటన్లు తారుమారు కావాలి. సెట్టింగుల్లో 'ఎడమచేతి వాటం' అని ఒక గడి కనబడితే టిక్ పెట్టాను. ఇక చిన్న బటన్ ఒకటి నొక్కిపట్టి బంతి తిప్పితే పేజీ పైకీ కిందికీ జరగాలి. దానికి గడి లేదు, కమాండ్లు రాయాలి. ఇంటర్నెట్‌లో వెతికి, ఒక్కోటీ వేసి చూసి, పనిచేసిన వాటిని డైరీలో రాసుకున్నాను. బ్యాగులో వేరే కాగితం లేదు.

వారం తిరిగేసరికి ఎడమ చెయ్యి గట్లు దిద్దడం నేర్చుకుంది. డైరీ మళ్లీ అర పేజీకి వచ్చింది. పని కాగానే బంతిని ఊడదీసి బ్యాగులో వేసుకునేదాన్ని. ల్యాబ్‌లో వదిలేసిన వస్తువు మర్నాటికి ఇంకో గదిలో ఉంటుంది.

మధ్యాహ్నాల్లో అదే కంప్యూటర్ దగ్గరికి మా సీనియర్ వచ్చేవాడు. నల్గొండ వైపు రైతుల ఇంటి నుంచి వచ్చినవాడు. పొద్దున క్యాంపస్‌లోని తెలంగాణ దీక్షా శిబిరంలో కూర్చుని, మధ్యాహ్నం థీసిస్ ముందు కూర్చునేవాడు. కొన్నిసార్లు బాష్పవాయువుకు కళ్లు ఎర్రబడి ఉండేవి. నేను బంతి తగిలించిన వారం ఆయన రాలేదు, మళ్లీ వచ్చిన రోజే కేక వేశాడు.

"ఏందిర బై గిది! ఫైల్ తెరువుమంటే ఏందో లిస్టు చూపెడుతున్నది."

"మౌస్ ఖరాబైంది కావచ్చన్నా" అన్నాడు ఆయన పక్కనున్న జూనియర్.

వేరే మౌస్ తెచ్చి పెట్టారు. అదీ అంతే. నాకు అప్పుడు అర్థమైంది. నేను టిక్ పెట్టింది నా బంతికి ఒక్కదానికే కాదు, ఆ లాగిన్‌లో తగిలించే ప్రతి మౌస్‌కూ. అప్పుడే చెప్పాల్సింది. పక్క బల్ల మీద పటం పరుచుకుని చెప్పకుండా కూర్చున్నాను. నేను మామూలుగానే తక్కువ మాట్లాడతాను. ఆ నెలల్లో మరీ తగ్గించాను. నోరు తెరిస్తే ఏ ఊరో తెలిసిపోతుంది. నన్నెవరూ ఏమీ అనలేదు, ఆ మాట ఇక్కడే చెప్పాలి.

రెండోరోజు ఆయన సీడీ పట్టుకొచ్చాడు. "ఇగ లాభం లేదు. ఫార్మాట్ కొట్టుడే."

మూడు నెలల చెరువులు ఆ డిస్కులో ఉన్నాయి. నా పెన్‌డ్రైవ్‌లో సగం కూడా లేవు.

"అన్నా, వద్దన్నా. అది నేనే చేసింటి."

ఇద్దరూ తిరిగి చూశారు. "నువ్వు మాట్లాడ్తవా చెల్లె?" అన్నాడు ఆయన. "రెండేండ్లాయె, నీ గొంతు వినుడు ఇదే ఫస్ట్. ఏ ఊరు మీది?"

"కడప."

"గందుకేనా మా మౌస్‌ను ఉల్టా చేసినవ్!"

జూనియర్ నవ్వాడు. నేను బ్యాగులోంచి బంతి తీసి చూపించి, చెయ్యి సంగతి చెప్పాను. ఆయన బంతిని అరచేత్తో రెండుసార్లు దొర్లించి, "మంచిగనే ఉన్నది" అన్నాడు. తర్వాత సీడీ పక్కన పెట్టి నా పేరుతో వేరే లాగిన్ తయారు చేశాడు, పటాలన్నీ అందులోకి మార్చాడు. "ఒక్క ఇంట్ల అందర్ని పెడితే గిట్లనే అయితది. ఎవలిది వాళ్లకుండాలె. మేం గదే అంటున్నం, ఎవలు ఇంటున్నరు?" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు.

కొత్త లాగిన్‌లో కమాండ్లు మళ్లీ వెయ్యాలి. "యాడ రాస్కున్నవ్?" అని అడిగాడు. డైరీ తీశాను. ఆయన చెయ్యి చాపాడు.

ఆ పేజీలో, కమాండ్లకు పైన, సీనియర్ గురించి నాలుగు రోజుల నాలుగు వాక్యాలున్నాయి. శిబిరం నుంచి వచ్చినరోజు ఆయన కాసేపు మానిటర్ ఆన్ చెయ్యకుండానే దాని ముందు కూర్చుంటాడని రాశాను.

"ఇయ్యను. నేను చదువుతా, మీరు కొట్టండన్నా."

ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. పై వాక్యాల మీద ఎడమ అరచెయ్యి పెట్టి, కమాండ్లు ఒక్కో అక్షరమే పైకి చదివాను. డ్యాష్‌లు, కొటేషన్ గుర్తులు, ఎక్కడ ఖాళీ వదలాలో కూడా చెప్పాను. ఒకచోట ఆయన తప్పు కొడితే మళ్లీ చదివాను.